ఎంతవరకు తోమాలి?

గిన్నె తోమడం ఎలాగో మనకెవరూ పాఠం చెప్పక్కర్లేదు. పరికిణీలు కట్టే వయసులోనే కాస్త చింతపండు తొక్కూ, పిడికెడు బూడిదా, కొబ్బరిపీచూ చేతిలో పెట్టి ఇత్తడి బిందె ముందు కూర్చోబెట్టేవారు. మొదలుపెట్టడం అంత సుళువు. ఎక్కడ ఆపాలన్నది మాత్రం ఎవరూ చెప్పిన గుర్తు లేదు. “మెరిసేదాకా తోమవే” అనేది అమ్మ. మెరిసిన తర్వాత కూడా తోముతూ పోతే ఏమవుతుందన్న ప్రశ్న ఆ పెరట్లో ఎవరికీ రాలేదు. ఇంకా అరడజను గిన్నెలు మిగిలి వుండగా అలాంటి ప్రశ్నలు ఎవరికొస్తాయి చెప్పండి!

నాకా ప్రశ్న వచ్చింది మన పెరట్లో కాదు, ఇంగ్లండులో షెఫీల్డు అనే వూళ్ళో. అదీ గిన్నెల దగ్గర కాదు, గడ్డం గీసుకునే పాతకాలపు కత్తుల దగ్గర. మగవాళ్ళ గడ్డాలతో మనకేం పని అని పేజీ తిప్పెయ్యకండి. ఇందులో గడ్డాల సంగతి చాలా తక్కువ.

మా తమ్ముడు ఆ వూళ్ళో చాలా ఏళ్ళనుంచీ వుంటున్నాడు. లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. రిటైరైన మగవాడికి ఏదో ఒక పిచ్చి పట్టకపోతే ఇంట్లోవాళ్ళకి పిచ్చి పడుతుంది. అందుకని వాడు పాత క్షౌరపు కత్తులు పోగుచేసి బాగుచెయ్యడం మొదలుపెట్టినప్పుడు మా మరదలు సంతోషించింది. భోజనాలబల్ల సగం ఆ కత్తుల కిందికి పోయాక ఆ సంతోషం కొంచెం తగ్గిందనుకోండి.

మీలో పెద్దవాళ్ళకి ఆ కత్తి గుర్తుండే వుంటుంది. ఆదివారం పొద్దున్నే అరుగు మీద పీట వేసి తాతగారిని కూర్చోబెట్టి, గడ్డం గీసే ఆయన తన పొదిలోంచి తీసేవాడే, పిడిలోకి మడుచుకునే కత్తి, అదే. తోలుపట్టీ మీద అటూ ఇటూ నాలుగుసార్లు లాగి, బొటనవేలి మీద వాడి చూసుకుని మొదలుపెట్టేవాడు. పోయిన శతాబ్దం మొదట్లో అమెరికాలో జిలెట్ అనే ఆయన పల్చటి బ్లేడుతో కొత్తరకం రేజరు తెచ్చాడు. 1904లో దానికి పేటెంటు వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైనికులకి ప్రభుత్వమే ఆ రేజర్లు ఇచ్చింది. యుద్ధం నుంచి తిరిగొచ్చిన మగవాళ్ళు మళ్ళీ ఈ కత్తి పట్టుకోలేదు. అవన్నీ అటకలెక్కాయి. ఇప్పుడు ఆ అటకల్లోంచి దిగి, ఇంటి పెద్దలు పోయాక పాత సామాన్ల సంతలకి వస్తున్నాయి. మా తమ్ముడు శనివారాలు సంచీ పుచ్చుకుని వెళ్ళేది అక్కడికే.

షెఫీల్డు ఎప్పటినుంచో కత్తుల వూరు. పధ్నాలుగో శతాబ్దంలోనే చాసర్ తన కథల్లో ఒక మిల్లువాడి మేజోడులో షెఫీల్డు కత్తి పెట్టాడు. 1624లో అక్కడి కత్తులవాళ్ళ సంఘానికి పార్లమెంటు చట్టమే చేసింది. 1740ల్లో బెంజమిన్ హంట్స్‌మన్ అనే గడియారాల పనివాడు మట్టి మూసల్లో ఉక్కు కరగబోసే పద్ధతి అక్కడే కనిపెట్టాడు. అటుపైన ఆ వూరి ఉక్కు లోకమంతా తిరిగింది.

సరే, కత్తి దగ్గరికొద్దాం. అలుగు మొత్తాన్ని శుభ్రం చెయ్యడం పెద్ద కష్టం కాదు. కష్టమంతా సందుల్లో వుంది. మన ఇడ్లీపాత్రకి గుంటలెంత చాకిరీయో, పూజగదిలో దీపపుకుందెకి నగిషీ ఎంత చాకిరీయో మీకు తెలుసు కదా, ఇదీ అంతే, ఇంకా చిన్న సైజులో. పిడి అంటే రెండు పలకలు. ఆ రెంటి మధ్యా అలుగు తోక ఒక ఇత్తడి శీల మీద తిరుగుతుంది. ఆ శీల మందం ఒకటిన్నర మిల్లీమీటరు వుంటుందేమో. నూరేళ్ళ సబ్బూ, వెంట్రుకలూ, నూనే, తుప్పూ కలిసి ఆ ఇరుకులో నల్లటి జిగురై కూర్చుంటాయి. శీల తీసేస్తే సులభంగా కడగచ్చు. కానీ దాని తల సుత్తితో కొట్టి పరిచింది. తియ్యాలంటే ఆ తలని ఆకురాయితో అరగదియ్యాలి, మళ్ళీ బిగించాలంటే కొత్త శీల వెయ్యాలి. పాత శీల ఇక లేనట్టే. అందుకని మా వాడు శీల జోలికి పోడు. సన్నని గుడ్డపీలికని నూనెలో తడిపి ఆ సందులోంచి దూర్చి, మనం పళ్ళ సందుల్లో దారం లాగినట్టు ఇటూ అటూ లాగుతాడు. పీలిక నల్లగా వస్తుంది. ఇంకో పీలిక. ఆరో పీలికో ఏడో పీలికో గోధుమరంగులో వచ్చేసరికి రాత్రి పదవుతుంది.

అలుగు మెడ కింద వేలు జారకుండా సన్నని గాట్లు పెడతారు. ఆ గాట్లు ఒక్కొక్కటీ ఆకురాయితో చేత్తో వేసినవే. ఒక గాటు కొంచెం లోతు, ఒకటి కొంచెం వంకర. వాటిలో సబ్బు గడ్డకట్టి సున్నంలా తయారవుతుంది. సూదితో గీకితే ఉక్కు మీద గీత పడుతుంది, అంచేత పళ్ళపుల్ల వాడాలి. పుల్ల మొన అరిగినప్పుడల్లా చాకుతో మళ్ళీ చెక్కుకోవాలి. ఈ పని మా తమ్ముడు నాకు అప్పజెప్పాడు. “నీ చెయ్యి తేలికక్కా, నీ కళ్ళు కూడా నాకంటే నయం” అన్నాడు. పొగిడి పని చేయించుకోవడం వాడికి చిన్నప్పటినుంచీ అలవాటే.

మిషను పెట్టి మెరుగు పట్టిస్తే గంటలో అయిపోదా అని అడిగాను. వాడు హడలిపోయాడు. ఆ అలుగు అంచు దగ్గర కాగితంకన్నా పల్చన. తిరిగే చక్రానికి ఆనిస్తే క్షణంలో వేడెక్కుతుంది. రెండు వందల డిగ్రీలు దాటిందంటే ఉక్కు తన గట్టిదనం పోగొట్టుకోవడం మొదలవుతుంది, నీలంరంగు తిరిగిందంటే ఇక ఆ కత్తి కూరగాయలకి కూడా పనికిరాదు. పైగా చక్రం కత్తిని లాక్కుని విసిరేసిందంటే ఎవరి మీద పడుతుందో తెలియదు. కనక ఉప్పుకాగితం తడిపి, వేలికి చుట్టి, మొదట గరుకుదీ తర్వాత నున్ననిదీ వాడుతూ చేత్తోనే రుద్దాలి. ఒక్కొక్క కత్తికి ఒక వారం.

నూరేళ్ళనాటి సబ్బు మురికి చూసి కన్నీళ్ళు పెట్టుకునే రకం కాదు నేను. ఎవరిదో తెలియని ఆ సబ్బుని తీసి పారేశాను. ఎర్రటి తుప్పు విషయంలోనూ అనుమానం లేదు. అది ఆగే జబ్బు కాదు, కింద వున్న ఉక్కుని తింటూనే వుంటుంది. కానీ ఉక్కు మీద ఇంకో రంగు కూడా పడుతుంది. నల్లగా, ఒక్కోచోట నీలంగా, వానమబ్బులా వుంటుంది. అది తినదు. పైపెచ్చు కింద వున్న ఉక్కుకి కొంత కాపు కాస్తుంది. చూడ్డానికి మాత్రం మురికిలాగే కనబడుతుంది. మొదటి చిక్కు అక్కడ వచ్చింది. చూపుకి మురికి, గుణానికి కాదు. మనుషుల్లో కూడా ఇలాంటివాళ్ళు వుంటారు గానీ ఆ మాట వదిలెయ్యండి.

రెండో చిక్కు రాతలు. కొన్ని కత్తుల అలుగు మీద ఆమ్లంతో చెక్కిన బొమ్మలుంటాయి, ఓడలో, పువ్వులో, ఏదో ఒక మాటో. కొన్నిటికి ఆ చెక్కడం మీద బంగారు పూత. ఆ పూత ఎంత పల్చనంటే ఇత్తడి సామాన్లకి వాడే బ్రాసో గుడ్డమీద వేసుకుని నాలుగుసార్లు రుద్దితే గుడ్డకి అంటుకుపోతుంది. కొద్దిగా సబ్బునీళ్ళు, దూది, అంతే వాడాలి. తోక మీద కంపెనీ ముద్ర వుంటుంది. జోసెఫ్ రాడ్జర్స్ వాళ్ళదైతే నక్షత్రమూ మాల్టా శిలువా. వేడ్ అండ్ బుచర్ వాళ్ళదైతే ఆ పేరు. దాని పక్కన ఇంగ్లండు అని కూడా వుంటే అది బహుశా 1890 తర్వాతది. ఆ యేడు అమెరికా చేసిన సుంకాల చట్టం పుణ్యమా అని, అక్కడికి పంపే సరుకు మీద దేశం పేరు వెయ్యాల్సి వచ్చింది. ఒక్క మాట తుడిచేస్తే ఆ కత్తి వయసే పోతుంది చూడండి. అందుకే మా తమ్ముడు అలుగు రుద్దేముందు ఆ ముద్ర మీద టేపు అంటిస్తాడు. పసిపిల్లకి తలంటేటప్పుడు కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టినట్టు.

ఇదంతా అయ్యాక కత్తిని అద్దంలా చెయ్యాలా వద్దా అన్నది అసలు తగువు. ఈ పిచ్చి వున్నవాళ్ళు రెండు వర్గాలు. మొహం చూసుకునేంత నున్నగా చేసేదాకా నిద్రపోనివాళ్ళు కొందరు. తుప్పు ఆపి, నూనె రాసి, మచ్చల్ని మచ్చల్లాగే వదిలేసేవాళ్ళు కొందరు. మా తమ్ముడిది మొదటి వర్గం. కొత్తదానిలా చేశానంటాడు. నాకా మాటే అర్థం కాదు. నూట ముప్ఫై ఏళ్ళ కత్తి కొత్తదానిలా వుందంటే, ఆ నూట ముప్ఫై ఏళ్ళూ ఏమైనట్టు?

ఈ తగువు మా ఇద్దరితోనే మొదలవలేదు. జాన్ రస్కిన్ అని పందొమ్మిదో శతాబ్దపు రచయిత వుండేవాడు. పాత కట్టడాలని బాగుచేస్తామంటూ పునరుద్ధరించడం అంటే వాటిని నాశనం చెయ్యడమేనని, అది ఒక అబద్ధమని 1849లోనే తన పుస్తకంలో వాదించాడు. అప్పట్లో ఇంగ్లండులో పాత చర్చీల గోడల సున్నం గీకి గీకి, వందల ఏళ్ళ మార్పుల్ని పెరికేసి, ‘అసలు రూపం’ తెచ్చే వుద్యమం నడుస్తోంది. అది చూడలేక 1877లో విలియం మారిస్ ఒక సంఘమే పెట్టాడు. ఆ సంఘానికి ముద్దుపేరు ఏమిటో తెలుసా? యాంటీ స్క్రేప్. అంటే గీకుడు వ్యతిరేక సంఘం! మన ఇళ్ళల్లో కూడా ఒక శాఖ పెట్టచ్చనిపించింది. ఆ రస్కిన్ 1875లో కార్మికుల కోసం ఒక చిన్న మ్యూజియం తెరిచాడు. రాళ్ళూ, పక్షుల బొమ్మలూ, వెనిస్ నగరపు చిత్రాలూ పెట్టాడు. ఏ వూళ్ళో అనుకున్నారు? షెఫీల్డులో, వాక్లీ అనే గుట్టమీద. గీకద్దు మహాప్రభో అన్న మనిషి, పొద్దస్తమానం గీకి మెరుగుపెట్టి బతికే వూరికి వెళ్ళి మ్యూజియం పెట్టాడన్నమాట. ఆ సేకరణ ఇప్పటికీ ఆ వూళ్ళోనే, మిలీనియం గ్యాలరీలో వుంది. వెళ్ళి చూశాను.

మాట వినకపోతే ఏమవుతుందో కూడా లోకం చూసింది. లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంవారి దగ్గర గ్రీసు నుంచి తెచ్చిన పార్థెనాన్ శిల్పాలున్నాయి. పాలరాయి కాలక్రమాన తేనెరంగు తిరుగుతుంది. 1937, 38ల్లో వాటికి కొత్త గది కడుతుంటే, తెల్లగా వుంటే బాగుంటుందన్న వూపులో పనివాళ్ళు రాగి పనిముట్లూ, గరుకురాయీ పెట్టి ఆ రంగు గీకేశారు. తెలిసి ఆపేసరికి కొన్ని శిల్పాల పైపొర పోనే పోయింది. రెండువేల మూడువందల ఏళ్ళకి పైగా నిలిచింది, శుభ్రం పేరుతో నెలల్లో పోయింది.

“అది గుడి, ఇది కత్తి” అన్నాడు మా తమ్ముడు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. కత్తి పుట్టిందే గడ్డం గియ్యడానికి. వాడికి పనికొచ్చేలా చెయ్యకుండా, గౌరవం పేరు చెప్పి తుప్పుకి వదిలెయ్యడం గౌరవమేమీ కాదు. ముసలివాళ్ళని తాకకుండా దూరంగా కూర్చోబెట్టి దణ్ణం పెట్టేవాళ్ళని చూస్తాం కదా, అలాంటి గౌరవం అది. ఇంకొకటి కూడా చూపించాడు. కొన్ని పిడులు సెల్యులాయిడ్‌వి. 1870ల తర్వాత వచ్చిన సరుకు అది. దంతంలా, తాబేటిచిప్పలా కనబడేట్టు చేసేవారు. అది ముసలిదైనకొద్దీ లోపల్లోపలే కుళ్ళి ఆమ్లపు ఆవిరి వదులుతుంది. పిడిలో మడిచి పెట్టిన అలుగు ఆ ఆవిరికే తుప్పు పడుతుంది. పిడీ అలుగూ ఒకేనాడు ఒకే కొట్లో కలిసి బయటికొచ్చినవే, అసలైన జంటే. అయినా ఒకటి రెండోదాన్ని తింటోంది. అలాంటప్పుడు విడదియ్యక తప్పదు. అసలుది గనక ముట్టుకోకూడదన్న సూత్రం అక్కడ పనిచెయ్యదు. సరే, వొప్పుకున్నాను.

నేను వొప్పుకోనిది ఇంకో విషయం. అది చెప్పాలంటే షెపర్డ్ వీల్ సంగతి చెప్పాలి.

షెఫీల్డులో పోర్టర్ అనే చిన్న ఏరు వుంది. దాని వొడ్డున నీటి చక్రంతో తిరిగే పాత సానశాల ఒకటి వుంది, అదే షెపర్డ్ వీల్. 1930 ప్రాంతం దాకా పనిచేసింది, ఇప్పుడు మ్యూజియం. లోపల వరసగా సానరాళ్ళు. ఒక్కొక్క రాయి వెనక కర్రగుర్రంలాంటి ఆసనం. పనివాడు దానిమీద అటో కాలూ ఇటో కాలూ వేసి కూర్చుని, ముందుకు వంగి, మోచేతులు మోకాళ్ళకి ఆనించి, తిరిగే రాతికి కత్తి పట్టేవాడు. రాయి తడిగా వుంటే పసుపుపచ్చని బురద మొహాన చిందేది. పొడిగా వుంటే రాతిపొడీ ఉక్కుపొడీ నేరుగా గుండెల్లోకి పోయేవి. క్షౌరపు కత్తుల పని కొంత తడిరాతి మీదా కొంత పొడిరాతి మీదా నడిచేది. ఆ వూరి డాక్టర్లు ఆ జబ్బుకి గ్రైండర్ల ఉబ్బసం అని పేరు పెట్టారు. 1843లో కాల్వర్ట్ హాలండ్ అనే డాక్టరు దానిమీద పుస్తకమే రాశాడు. 1845లో ఎంగెల్స్ మరో షెఫీల్డు డాక్టరు చెప్పిన లెక్క తన పుస్తకంలో ఎత్తి రాశాడు. పొడిరాతి మీద పనిచేసేవాళ్ళ సగటు ఆయుష్షు ముప్ఫై అయిదేళ్ళు కూడా సరిగ్గా లేదు, తడిరాతి వాళ్ళు నలభై అయిదు దాటడం అరుదు. పొడిని బయటికి లాగే ఫ్యానులు వచ్చాక వాటిని వద్దన్నది ఎవరో తెలుసా? పనివాళ్ళే కొందరు. అందరూ ఎక్కువకాలం బతికితే పనికి పోటీ పెరిగి కూలి పడిపోతుందని! ఆ వాక్యం చదివి నేను కాసేపు అక్కడి బెంచీ మీద కూర్చుండిపోయాను.

ఇంటికొచ్చి, ఇంకా మెరుగుపెట్టని ఒక కత్తిని దీపానికి ఏటవాలుగా పట్టి చూశాను. వెన్ను దగ్గర్నించి అంచు దాకా వెంట్రుకల్లాంటి సన్నని గీతలు, వందలు. సానరాయి వేసిన గీతలవి. ఆ కర్రగుర్రం మీద కూర్చున్న మనిషి చెయ్యి ఎక్కడ గట్టిగా నొక్కిందో, ఎక్కడ తేలిగ్గా వదిలిందో కనబడుతోంది. తోక మీద కంపెనీ పేరు లోతుగా కొట్టి వుంది. ఈ మనిషి పేరు ఎక్కడా లేదు. అతని గుర్తు ఈ గీతలే. మా తమ్ముడు ఏం చేస్తున్నాడు? కంపెనీ పేరుకి టేపు అంటించి, ఈ గీతల్ని ఉప్పుకాగితంతో మొదలంటా అరగదీస్తున్నాడు. యజమాని పేరు భద్రం, పనివాడి చెయ్యి మాయం. నాకది నచ్చలేదు. ఆ మాటే అన్నాను.

వాడు లెక్కల మాస్టారు కదా, జవాబు సిద్ధంగా వుంది. “ఆ గీతలు కనబడకూడదనే వాడూ తాపత్రయపడ్డాడక్కా. ఇంకా నున్నగా చెయ్యడానికి టైమిస్తే చేసేవాడే. వాడు వదిలేసిన పని నేను పూర్తి చేస్తున్నాను. వాడు చూస్తే సంతోషిస్తాడు.”

గట్టి జవాబే. ఆ రాత్రి నిద్రపట్టలేదు. తెల్లవారుజామున మా అమ్మ కుట్టు గుర్తొచ్చింది. అమ్మ చీరలకి ఫాలు తనే చేత్తో కుట్టుకునేది. కుట్టు పైకి కనబడకూడదని ఆవిడ పడే అవస్థ అంతా ఇంతా కాదు. కనబడితే విప్పి మళ్ళీ కుట్టేది. ఆవిడ పోయాక ఒక చీర నా దగ్గరికొచ్చింది. నేను అప్పుడప్పుడు అంచు తిరగేసి వెతుక్కునేది ఆ కుట్టే. కళ్ళు మందగించిన రోజుల్లో వేసిన పొడుగు పొడుగు కుట్లు ఒకచోట వున్నాయి. ఆవిడ చూస్తే సిగ్గుపడుతుంది. అయితే ఆవిడ కోరిక తీరుస్తున్నానని చెప్పి ఆ కుట్లు విప్పించి మిషను మీద కుట్టించనా? చేసినవాళ్ళకి తమ పనిలో లోపం కనబడకూడదు. తర్వాత వచ్చినవాళ్ళకి ఆ లోపంలోనే మనిషి కనబడతాడు. రెండూ నిజమే. చేసినవాళ్ళు వెళ్ళిపోయాక ఆ వస్తువు ఎవరి కోరిక ప్రకారం నడవాలి?

పొద్దున్న కాఫీ దగ్గర నా తీర్పు ప్రకటించాను. పట్టించుకోకపోవడం వల్ల పట్టింది తీసెయ్యాలి, చెయ్యి తగిలి వచ్చింది వుంచాలి. నాకే భలేగా అనిపించింది.

మా మరదలు గిన్నెలు సర్దుతూ, “అయితే ఆ సందుల్లో సబ్బు కూడా చెయ్యి తగిలి వచ్చిందేగా వదినా? మొన్న పుల్ల పెట్టి తీసేశారే!” అంది.

చూశారా? ఎమ్మే చదివినవాళ్ళు రాసే పుస్తకాల్ని వంటింట్లో ఒక్క మాటతో కూలదొయ్యచ్చు. సబ్బు ఉక్కుని తినే తేమని పట్టి వుంచుతుంది కనక తియ్యాలన్నాను. అంటే చెయ్యి ఒక్కటే కొలత కాదు, హాని రెండో కొలత. పోనీ ఆ రెండూ పెట్టుకున్నా అన్నీ తేలవు. సరిగ్గా సాన పట్టడం రాని ఎవరో ఒక పెద్దమనిషి కత్తి వెన్ను ఒకవైపే అరగదీశాడు. అది చెయ్యి తగిలిందే, పనికి అడ్డం కూడా. దాన్ని సరిచెయ్యాలా? సరిచెయ్యాలంటే రెండోవైపు కూడా అరగదియ్యాలి. ఒకరి తప్పు దిద్దడానికి వస్తువులో ఇంకొంచెం పోతుంది. మా తమ్ముడు దిద్దాడు. ఆ ఒక్కచోట నేను అడ్డు చెప్పలేదు, ఎందుకంటే దిద్దకపోతే అది ఇక గీయదు.

ఇక మన ఇళ్ళ సంగతి. పెళ్ళిలో వచ్చిన గిన్నెల మీద చుక్కలు చుక్కలుగా పేర్లు చెక్కించేవారు, జ్ఞాపకముందా? ఇచ్చినవాళ్ళ పేరు, తేదీ. నలభై ఏళ్ళు తోమాక ఆ పేరులో రెండక్షరాలు మిగులుతాయి. పూజలో ఇత్తడి లక్ష్మీదేవికి ముక్కు అరిగిపోతుంది. ఆ ముక్కు అరిగింది మూడు తరాల కోడళ్ళ వేళ్ళకింద. కొత్త ముక్కు చెక్కిద్దామని ఇంతవరకూ ఎవరూ అనగా నేను వినలేదు. అక్కడ మాత్రం మనకెవరూ చెప్పకుండానే ఆపడం తెలుసు.

షెఫీల్డులోనూ తోమే పని ఆడవాళ్ళదే. రాయి మగవాళ్ళది, మెరుగు ఆడవాళ్ళది. బఫర్ గర్ల్స్ అనేవారు. ఇసకా నూనే కలిపి తిరిగే చక్రాల మీద చెంచాలూ ఫోర్కులూ రుద్దేవాళ్ళు. ఒంటికి అట్టకాగితాలు చుట్టుకుని, తలకి గుడ్డలు కట్టుకుని పనిచేసేవారు. ఇంటికెళ్ళే వేళకి మొహాలు మసిబొగ్గుల్లా వుండేవట. 1919లో రోథెన్‌స్టీన్ అనే చిత్రకారుడు వాళ్ళ బొమ్మ వేశాడు. ఆ బొమ్మ లేకపోతే వాళ్ళ గుర్తు వస్తువుల మీద వెతికినా దొరకదు. రాతి మనిషికి గీతలైనా మిగిలాయి. వీళ్ళ పని ఆ గీతలు చెరపడమే కదా, ఇక వీళ్ళ గీత ఎక్కడుంటుంది? మా తమ్ముడు మెరుగుపెట్టిన కత్తి నా చేతికిచ్చి “ఎలా వుంది?” అంటే, అందులో నా మొహమే కనబడింది. బాగుందన్నాను. బాగానే వుంది. ఆడదాని చాకిరీకి విలువ తెలిసినదాన్ని గనక, మెరుపుని తేలిగ్గా తీసిపారెయ్యలేను.

నేను తిరిగి వచ్చేసేముందు వాడు ఒక నల్ల కొమ్ము పిడి కత్తి బయటికి తీశాడు. కొమ్ము ఎండి బీటలు వారేలా వుంది. నూనెలో నానబెట్టి రక్షించాలి. పిడి మీద ఎవరో మేకుతో రెండు ఇంగ్లీషు అక్షరాలు గీసుకున్నారు, తన పేరులోవై వుంటాయి. అందులో ఒకటి ఎన్ను. అది తిరగేసి వుంది. చదువు అంతంతమాత్రమన్నమాట. గీతల నిండా మట్టి. ఆ మట్టి వల్లే అక్షరాలు కనబడుతున్నాయి. నల్ల కొమ్ము మీద బూడిదరంగు గీతలు. మా తమ్ముడు పళ్ళపుల్ల చెక్కి నా చేతికిచ్చాడు. నేను ఎన్ను మొదటి నిలువుగీతలో పుల్ల పెట్టి కాస్తంత మట్టి తీశాను. తీసినంతమేరా అక్షరం నలుపులో కలిసిపోయింది. వేలితో తడిమితే తెలుస్తోంది, కంటికి లేదు.

“ఇప్పుడేం చెయ్యాలక్కా?” అన్నాడు. ఈసారి వాదించే గొంతు కాదు.

ఆ మట్టి కొమ్ముకి హాని చేస్తుందా అని అడిగాను. పెద్దగా చెయ్యకపోవచ్చు అన్నాడు. పుల్ల బల్లమీద పెట్టేశాను. వాడు దూదితో అక్షరాల చుట్టూ నూనె అద్దాడు, వాటి మీద పడకుండా. శీల చుట్టూ మామూలుగానే పీలిక లాగాడు. అలుగు మీద తుప్పు తీశాడు, గీతల జోలికి పోలేదు. నేను అడగలేదు, వాడూ ఏమీ అనలేదు.

ఆ కత్తి ఇప్పుడు వాళ్ళింట్లో అద్దాల బీరువాలో మిగతావాటి పక్కన వుంది. అవి తళతళలాడుతుంటే ఇది మసకగా వుంటుంది. ఎవరైనా చుట్టాలొస్తే మా మరదలు బీరువా తెరిచి చూపిస్తుందట. దీని దగ్గరికొచ్చేసరికి “ఇదొక్కటి ఇంకా తోమాలండీ” అంటుందట.